సున్నాకీ ఒకటికీ మధ్య

మా మావయ్యగారికి స్మార్ట్‌ఫోను కొనిచ్చింది నేనే. తర్వాత జరిగినదంతా దానివల్లే కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను. ఆయన అడిగింది బటన్ల ఫోను. నేనే వినలేదు. వీడియోలు చూసుకుంటూ కూర్చుంటారు, ఆయనకీ పొద్దుపోతుంది, నా ప్రాణానికీ కాస్త సుఖంగా ఉంటుందనుకున్నాను. ఎనభై నాలుగేళ్ళ మనిషి పొద్దున లేస్తూనే పేపరు తిరగేసి, అందులో లెక్క ఎక్కడ తప్పిందో వెతికి, కాఫీ గ్లాసు పట్టుకుని నా వెనకాలే వంటింట్లోకి వస్తే నేనేం చెయ్యను? తొమ్మిదింటికి నాకు కాలేజీ.

ఆయన లెక్కల మాస్టారు. మిషన్ హైస్కూల్లో ముప్పై ఆరేళ్ళు చెప్పారు. నేను డిగ్రీ కాలేజీలో లెక్కల లెక్చరర్ని. పెళ్ళిచూపుల్లో ఆయన నన్ను అడిగింది ఒకటే ప్రశ్న, సున్నా ఫ్యాక్టోరియల్ ఎంత అని. ఒకటండి అన్నాను. ఎందుకన్నారు. ఖాళీ బల్లను ఖాళీగా ఉంచడానికి ఒకటే పద్ధతి ఉంది కాబట్టి అన్నాను. ఆయన మా నాన్నవైపు తిరిగి, "మాకేం అభ్యంతరం లేదండి" అన్నారు. పెళ్ళికొడుకు నోరే విప్పలేదు. ఇప్పటికీ అంతే, పాపం.

ఫ్యాక్టోరియల్ అంటే భయపడాల్సిందేమీ లేదు. ఆయన క్లాసులో చెప్పే పద్ధతిలోనే చెబుతాను. చర్చిలో ఒక బల్ల మీద ముగ్గురు కూర్చోవాలి. మొదటి చోట ముగ్గురిలో ఎవరైనా కూర్చోవచ్చు. రెండో చోట మిగిలిన ఇద్దరిలో ఒకరు. ఆఖరి చోట ఇక మిగిలిన ఒక్కరే. మూడు రెళ్ళు ఆరు, ఆరొకట్ల ఆరు. అంటే ఆరు రకాలుగా కూర్చోవచ్చు. అది మూడు ఫ్యాక్టోరియల్. నలుగురైతే ఇరవై నాలుగు రకాలు, ఐదుగురైతే నూట ఇరవై. పుస్తకాల్లో క్రమగుణితం అని రాస్తారు గానీ మా ఇంట్లో అందరం ఫ్యాక్టోరియల్ అనే అంటాం. అందరం అంటే ముగ్గురం.

ఇక అసలు సంగతి. నా బిడ్డను ఎక్కడ పూడ్చిపెట్టారో తెలిసిన మనిషి లోకంలో ఆయనొక్కరే.

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. నాకు ఏడో నెల. రాజమండ్రి ఆసుపత్రిలో పుట్టింది, ఆడపిల్ల. ఏడవలేదు. నర్సు ఒక్క నిమిషం చూపించి తీసుకెళ్ళిపోయింది. జుట్టు ఒత్తుగా ఉంది, అదొక్కటే నాకు బాగా గుర్తు. నా పరిస్థితి కూడా బాగాలేక మా ఆయన రక్తం కోసం తిరుగుతున్నారు. అత్తగారు నా మంచం దగ్గర ఉన్నారు. అందుకని బిడ్డను మా ఊరు తీసుకెళ్ళింది మావయ్యగారు. సమాధుల తోటలో ఆయనా, గోతులు తవ్వే ముసలాయనా కలిసి పని ముగించారు. సాయంత్రానికి మావయ్యగారు మళ్ళీ ఆసుపత్రికి వచ్చేశారు. చేతులు శుభ్రంగా కడుక్కుని వచ్చారు. గోళ్ళలో మాత్రం మట్టి ఉంది.

బాప్తిస్మం లేకుండా పోయిన పసిగుడ్డుకి మా ఊళ్ళో అప్పట్లో పాస్టరుగారు వచ్చేవారు కాదు. పాట లేదు, ప్రార్థన లేదు, దిబ్బ లేదు, సిలువ లేదు. దక్షిణం గోడ వెంబడి చోటు చూసి పెట్టి, మట్టి చదును చేసి వచ్చెయ్యడమే. చర్చి రిజిస్టర్లో కూడా ఎక్కదు. పైగా తల్లికి ఆ చోటు చెప్పకూడదన్నది పెద్దల మాట. చెబితే మనసు అక్కడే తిరుగుతుందట, మళ్ళీ కడుపు పండదట. సరే, చెప్పలేదు. అయినా పండలేదు.

ఆ తవ్విన ముసలాయన పోయాడు. అత్తగారు పోయారు. ఏటా నవంబరులో సమాధుల పండుగకి వెళ్ళి అత్తగారి సమాధికి సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, వచ్చేముందు ఒక్కసారి ఆ దక్షిణం గోడవైపు చూసేదాన్ని. ఎక్కడ చూడాలో తెలియక గోడంతా చూసేదాన్ని. మావయ్యగారిని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఒకటే జవాబు. "ఇప్పుడెందుకమ్మా అదంతా." నాకు కోపం ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ, అత్తగారు ఉన్నన్నాళ్ళూ అదే అనేవారు. కానీ ఆ విషయంలో మాత్రం నాలుగో మాట రాలేదు నాకు.

కిందటేడు ఆయనకి చిన్న స్ట్రోకు వచ్చింది. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి గానీ జ్ఞాపకం దెబ్బతింది. పాలు పోసే ఆవిడ పేరు మర్చిపోయారు. ఒకరోజు నన్ను చూసి అత్తగారనుకుని, చొక్కా ఏదే అన్నారు. ఆ రోజు నేను బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఆయన మీద జాలితో కాదు, అబద్ధమెందుకు. ఈయనతో పాటు ఆ చోటు కూడా పోతుందని ఏడ్చాను.

ఇక ఫోను సంగతి. వర్షాలు వెనకబట్టిన రోజుల్లో ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి ఆయన వీధరుగు మీద ఫోను అడ్డంగా పట్టుకుని కూర్చున్నారు. అడ్డంగా తిప్పితే కాలిక్యులేటర్లో బోలెడు బటన్లు వస్తాయని అప్పుడే కనిపెట్టారు.

"ఇది పాడైపోయిందమ్మా. కొన్నచోట తిరిగిచ్చెయ్" అన్నారు.

"ఏమైందండి?"

"అర ఫ్యాక్టోరియల్ ఎంతని అడిగితే జవాబు చెప్తోంది."

చెప్పులు విడుస్తూ నవ్వేశాను. ఆయన నవ్వలేదు. సున్నా పాయింటు ఐదు నొక్కి, ఫ్యాక్టోరియల్ గుర్తయిన ఆశ్చర్యార్థకం నొక్కి నా మొహం ముందు పెట్టారు. సున్నా పాయింటు ఎనిమిది ఎనిమిది ఆరు రెండు, ఇంకా ఏవో అంకెలు.

"తప్పని చెప్పాలి కదా. మొహమాటపడి ఏదో ఒకటి చెప్పేస్తోంది" అన్నారు.

"తప్పు కాదండి. దాన్ని గామా ఫంక్షన్ అంటారు. నేను బీయస్సీ వాళ్ళకి చెప్తాను కూడాను."

"నువ్వు చెప్తావా?" అని నన్నొకలా చూశారు. "ముప్పై ఆరేళ్ళు పిల్లలకి పూర్ణాంకాలకే అని చెప్పాను నేను. అర మనిషిని బల్ల మీద కూర్చోబెట్టు చూద్దాం."

తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు ఆయనకి. వారం రోజులు అదే గొడవ. నేను ఇడ్లీ పెడితే, "అర ఇడ్లీని ఎన్ని రకాలుగా పెట్టొచ్చమ్మా" అనేవారు. మా ఆయన నీటిపారుదల ఆఫీసులో పనిచేస్తారు. పన్నెండు రకాల ఫైళ్ళు చూసి వచ్చినాయనకి ఇంట్లో ఈ రాద్ధాంతం ఒకటి. తలొంచుకుని తినేసి లేచిపోయేవారు. నేను కూడా వేళాకోళంగానే ఉన్నాను, ఆ రోజు వరకు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఆదివారం, చర్చి నుంచి వచ్చాం. మావయ్యగారు పెరుగు కలుపుకుంటూ, "ఎంత చెప్పినా అర మనిషి లెక్కలోకి రాడమ్మా. ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మధ్యలో ఏముంది" అన్నారు.

గరిటె నా చేతిలోనే ఉంది. "తొమ్మిదింట ఏడొంతుల మనిషైతేనో, మావయ్యగారండీ?" అన్నాను.

గట్టిగా కూడా అనలేదు. ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. కాసేపటికి లేచి చెయ్యి కడుక్కున్నారు. పెరుగన్నం అలాగే ఉండిపోయింది. ఆయన గదిలోకి వెళ్ళాక మా ఆయన, "ఎందుకలా అన్నావు, పెద్దాయన్ని" అన్నారు. "ఇరవై రెండేళ్ళు అనలేదు గనక" అన్నాను. ఆ కంచం నేనే తీశాను.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఆయన బల్ల దగ్గర గ్రాఫు కాగితం, స్కేలు, చెక్కిన పెన్సిలు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. "మొదటినుంచి చెప్పమ్మా" అన్నారు. ఆ రోజు కాలేజీకి సెలవు పెట్టేశాను.

బల్లనీ, కూర్చునేవాళ్ళనీ పక్కన పెట్టేద్దామన్నాను. దాన్లోంచి రూలొక్కటే తీసుకుందాం. ఏ ఫ్యాక్టోరియల్ అయినా ఆ అంకెను దాని ముందుదాని ఫ్యాక్టోరియల్‌తో గుణిస్తే వస్తుంది. ఐదుది కావాలంటే ఐదుని నాలుగు ఫ్యాక్టోరియల్‌తో గుణించాలి. మధ్యలో ఉన్నవాటికి కూడా ఆ రూలు చెల్లుతుందో లేదో చూడండి, చెల్లకపోతే ఫోను నేనే తిరిగిచ్చేస్తాను అన్నాను. ఆయన ఒకటిన్నరని సున్నా పాయింటు ఎనిమిది ఎనిమిది ఆరుతో కాగితం మీద గుణించారు. ఒకటీ పాయింటు మూడు రెండు తొమ్మిది వచ్చింది. ఫోనుని ఒకటిన్నర ఫ్యాక్టోరియల్ అడిగారు. అదీ అంతే చెప్పింది. రెండున్నరకి చూశారు. సరిపోయింది. మూడున్నరకి కూడా చూశారు, నమ్మకం లేక.

"దీన్ని ఒకసారి దాంతోనే గుణించి, నాలుగింతలు చెయ్యండి" అన్నాను, ఆ అర ఫ్యాక్టోరియల్ చూపించి. చేశారు. మూడు పాయింటు ఒకటి నాలుగు ఒకటి ఐదు తొమ్మిది.

ఆ అంకెల కింద పెన్సిలుతో గీత గీశారు. "పై విలువ ఇది. వృత్తం ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా ఇందులోకి?"

"రుజువు తెలుసండి. ఏటా బోర్డు మీద రాస్తాను. ఎందుకొచ్చిందంటే మాత్రం నాకూ అంతుపట్టదు."

ఆ మాటకి ఆయన నన్ను మెచ్చుకున్నట్టు చూశారు. తెలియదని ఒప్పుకునేవాళ్ళంటే ఆయనకి మొదటినుంచీ ఇష్టం. ఇంతకీ ఈ విలువని లెక్కగట్టడం ఎలాగన్నారు. ఒకటీ రెండూ మూడని అడుగులు వేసుకుంటూ లెక్కపెడితే ఇది దొరకదన్నాను. ఒక వంపు గీత గీసుకుని, దాని కింద ఉన్న చోటునంతా సున్నా దగ్గర్నుంచి కలుపుకుంటూ పోవాలి, ఎక్కడా గెంతకూడదు, ఏ చోటునీ వదలకూడదు. సమాకలనం, అదే ఇంటిగ్రేషన్, ఆయనకి తెలియనిది కాదు. "ఎక్కడిదాకా కలపాలి?" అన్నారు. "చివరిదాకానండి" అన్నాను. "చివరెక్కడ?" అన్నారు. "లేదండి" అన్నాను.

అప్పటికే ఆయన గ్రాఫు మీద సున్నా దగ్గర ఒక చుక్క, ఒకటి దగ్గర ఒక చుక్క పెట్టి ఉన్నారు. సున్నా ఫ్యాక్టోరియల్ ఒకటి, ఒకటి ఫ్యాక్టోరియల్ కూడా ఒకటే. రెండు చుక్కలూ ఒకే ఎత్తున ఉన్నాయి. స్కేలు పెట్టి తిన్నగా గీత లాగేశారు.

"అటొకటి, ఇటొకటి. మధ్యలో మారడానికేముందమ్మా."

"ఫోనుని అడగండి" అన్నాను.

ఒక్కొక్కటే అడిగి చుక్కలు పెట్టారు. పాయింటు ఒకటి దగ్గర నూటికి తొంభై అయిదు వంతులకి దిగింది. పాయింటు రెండు దగ్గర తొంభై రెండు. పాయింటు మూడు దగ్గర తొంభైకి కాస్త తక్కువ. సగానికి వచ్చేసరికి ఎనభై ఎనిమిదిన్నర. అక్కణ్ణుంచి నెమ్మదిగా లేచి మళ్ళీ ఒకటికి చేరింది. తను స్కేలుతో గీసిన గీతని రబ్బరుతో చెరిపి, చుక్కల్ని చేత్తో కలిపారు. వంపు బాగానే వచ్చింది. దాని మీద వేలు పెట్టి అటూ ఇటూ రాశారు.

"ఇక్కడ పల్లం ఉందమ్మా."

"ఉందండి."

"నాకు తెలీదు."

నేను స్టవ్వు మీద పాలు పెట్టానని చెప్పి లోపలికి వెళ్ళిపోయాను. పాలేమీ పెట్టలేదు.

రెండు రోజులు ఆయన ఫ్యాక్టోరియల్ మాటెత్తలేదు. మూడోరోజు పొద్దున వంటింటి గుమ్మంలో నిలబడి ఒక పాత డైరీ నా చేతిలో పెట్టారు. స్కూల్లో పాఠాల ప్రణాళిక రాసుకునే డైరీ, అట్ట ఊడిపోయింది. తెరిచిన పేజీలో ఎర్ర సిరాతో ఆయన అక్షరాలు. మూలబిందువు, నైరుతి గోడ మూల. తూర్పుకి ఇరవై రెండు అడుగులు. ఉత్తరానికి మూడు అడుగులు. అంతే ఉంది, ఇంకేమీ రాయలేదు.

"నీకు చెప్పొద్దన్నారు గానీ, రాసిపెట్టుకోవద్దని నాకెవరూ చెప్పలేదు. మర్చిపోతానేమోనని ఆ రోజే రాశాను" అన్నారు.

నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. కాళ్ళకి దణ్ణం పెట్టాలని కూడా అనిపించింది. రెండూ చెయ్యలేదు. ఆటో పిలిచాను.

సమాధుల తోట మెయిన్‌రోడ్డు పక్కనే ఉంది. పడమటి గోడ అవతల రోడ్డు, దక్షిణం గోడ అవతల పంటకాలవ. అత్తగారి సమాధి ఉత్తరాన గేటు దగ్గర. అందుకే ఇన్నేళ్ళూ ఆ మూలకి ఎవరం పోలేదు. ఆయనైతే అటువైపు మొహం కూడా తిప్పేవారు కాదు. గడ్డి తొక్కుకుంటూ నైరుతి మూలకి వెళ్ళాం. ఆయన గోడకి మడమలు ఆనించి నిలబడి, టేపు నా చేతికిచ్చారు. దక్షిణం గోడ వెంబడి ఇరవై రెండు కొలిచాను. అక్కణ్ణుంచి గోడకి దూరంగా మూడు. తలెత్తి చూస్తే నేను ఒక నల్లరాతి సమాధి మధ్యలో నిలబడి ఉన్నాను. పాతికేళ్ళు దాటింది దానికి. మా బిడ్డకంటే ముందునుంచీ ఉన్నదే.

"ఇది కాదు. అప్పుడు ఇది నాకు కుడిచేతి వైపు, దూరంగా ఉంది" అన్నారు. మళ్ళీ కొలవమన్నారు. కొలిచాను. మళ్ళీ అక్కడికే వచ్చాం.

గేటు దగ్గర ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకుని వచ్చి చూసింది. "ఏంటండి కొలుస్తున్నారు?" అంది. చెప్పాను. "ఆ రోడ్డువైపు గోడ పాతది కాదు కదండి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు లోపలికి జరిపి కట్టారు" అంది.

రోడ్డు వెడల్పు చేసిన సంగతి మాకు తెలియనిదా? ఆ దుమ్ములో ఏడాదిపాటు తిరిగాం. గోడ జరిగిందనీ తెలుసు. ఈ లెక్కంతా ఆ గోడ మూల మీద నిలబడి ఉందని మాత్రం ఆ పొద్దుటిదాకా నాకు తెలియదు. తెలిసినాయనకి ఆ రెండూ కలిపి చూడాలని తోచలేదు.

"ఎంత జరిపారమ్మా?" అన్నారు మావయ్యగారు.

"ఎవరు కొలిచారండి. ఆరడుగులంటారు కొంతమంది, పదిహేనంటారు కొంతమంది."

ఆయన గోడకేసి చూస్తూ ఉండిపోయారు. "మూలబిందువు కదలదని చెప్పానమ్మా పిల్లలకి" అన్నారు. కాసేపటికి, "చెట్టు గుర్తో, రాయి గుర్తో పెట్టుకునేవాడినైతే బాగుండేది. ఎవడైనా అదే చేస్తాడు. నేను లెక్క వేశాను" అన్నారు. ఆయన ఏడవడం నేను అంతకుముందు ఒక్కసారే చూశాను, అత్తగారు పోయినప్పుడు. అప్పుడు కూడా ఇంతలా ఏడవలేదు. ఊడ్చే ఆవిడ చీపురు పక్కన పెట్టి ఆయన్ని సమాధి గట్టు మీద కూర్చోబెట్టింది.

నాకూ కోపం రావాలి. వచ్చింది కూడా. గోడ మీద, రోడ్డు మీద, ఇరవై రెండేళ్ళ మీద వచ్చింది. ఆయన మీద మాత్రం ఎంత తెచ్చుకుందామన్నా రాలేదు. గోడకి మూడడుగుల దూరం మాత్రం మారలేదు, దక్షిణం గోడ పాతదే. మూల నుంచి తూర్పుకి ఎంతన్నదొక్కటే తెలియాలి, అది తెలియదు, ఇక తెలిసే దారి లేదు. నేను ఆయన పక్కన కూర్చున్నాను.

"మొత్తం గీత తీసుకుందామండి" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "సున్నా దగ్గర్నుంచా?"

"సున్నా దగ్గర్నుంచి, చివరిదాకా. ఎక్కడా వదలకుండా."

సమాధుల పండుగ రోజు మధ్యాహ్నమే వెళ్ళాం. మా ఆయన సున్నం బకెట్టు, కుంచె పట్టుకొచ్చారు. గడ్డి చెక్కించి, గోడకి మూడడుగుల దూరంలో మూల నుంచి మూల వరకు తెల్లగా గీత వేశారు, జానెడు వెడల్పున. మోకాళ్ళ మీద పాకుతూ వేశారు. అడ్డొచ్చిన సమాధుల చుట్టూ కూడా కుంచె తిప్పి మళ్ళీ గీతలో కలిపారు. సగంలో ఆగి, చొక్కా చేతితో మొహం తుడుచుకుని, మళ్ళీ మొదలుపెట్టారు. ఆయన కూడా తండ్రేనన్న సంగతి ఇన్నేళ్ళలో నేను ఎన్నిసార్లు తలుచుకున్నాను? చాలా తక్కువ. సిగ్గేసింది.

సాయంత్రం జనం వచ్చారు. చర్చి కమిటీ పెద్దొకాయన ఆగి, "సమాధి లేనిచోట ఏంటండి మాస్టారూ ఇది?" అన్నారు.

"మా మనవరాలండి" అన్నారు మావయ్యగారు. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి.

"ఎక్కడండి?"

"ఇందులోనే. ఎక్కడో."

ఆ పెద్దాయన టోపీ తీసి నిలబడ్డారు. మేం మూల దగ్గర్నుంచి మొదలుపెట్టి అడుగుకొకటి చొప్పున కొవ్వొత్తులు పెట్టుకుంటూ వెళ్ళాం. సగం దూరం కూడా రాకముందే అయిపోయాయి. ఇంకా తెప్పిద్దామనుకుంటూ ఉంటే, పొలం పనులకి వెళ్ళే ముసలావిడొకరు మమ్మల్ని ఏమీ అడగకుండా గీత అవతలి చివర ఒక కొవ్వొత్తి వెలిగించి పెట్టింది. ఆవిడ పేరు కూడా నాకు తెలియదు. తర్వాత ఇంకొకావిడ వచ్చింది, నా వయసుదే. తర్వాత ఇద్దరు. తలా ఒకటి వెలిగించి గీత మీద పెట్టారు. ఆ గోడ వెంబడి నా ఒక్కదాని బిడ్డే ఉందని ఇరవై రెండేళ్ళు ఎలా అనుకున్నానో నాకే అర్థం కాలేదు.

మావయ్యగారు నా చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నారు. రెండో చేతిలో వెలిగించిన కొవ్వొత్తి, ఊడ్చే ఆవిడ తెచ్చిచ్చింది.

"ఆ రోజు బస్సులో తీసుకొచ్చానమ్మా" అన్నారు. "మీ అత్తయ్య చీరలో చుట్టి, ఒళ్ళో పెట్టుకున్నాను. కిటికీ పక్క సీటు. కండక్టరు వచ్చి, ఎంతమందండీ అన్నాడు."

మైనం కరిగి ఆయన వేళ్ళ మీద పడుతోంది. ఆయన చూసుకోవడం లేదు.

"ఒక్కణ్ణే అన్నాను."

ఇద్దరం కలిసి వంగి, పన్నెండో అడుగు దగ్గరో పదమూడో అడుగు దగ్గరో, ఆ కొవ్వొత్తిని గీత మీద నిలబెట్టాం.